సునీల్ పోసిన మట్టి

మా ఇంట్లో ఏ సంగతైనా అందరికంటే ఆఖర్న తెలిసేది నాకే. నాకు కోపం ముక్కు మీదుంటుందట, బీపీ ఉందట, చెడ్డ కబురు వింటే ఇల్లెగిరిపోయేలా గోల పెడతానట. ఇవన్నీ మా ఆయన జయరావు చెప్పే సాకులు. ఆయన రైల్వేలో పట్టాల గ్యాంగులో పనిచేసి రిటైరయ్యారు. పట్టా మీద వెంట్రుకవాసి పగులున్నా నడుస్తూ నడుస్తూనే పట్టేసే మనిషి, ఇంట్లో మాత్రం నోట్లో నాలుక లేనట్టే ఉంటారు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చాక మింగేసి, "అన్నం పెట్టీ" అంటారు. ఆ మింగడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎంత చెడ్డ మాటైనా మొహమ్మీద చెప్పేస్తే ఏడ్చి ఊరుకుంటాను. దాచిపెడితే మాత్రం ఊరుకోను.

మాది విజయనగరం దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక ఆయన వెంట రాష్ట్రం దాటి ఈ కిరండూల్ రైలు లైనుకి వచ్చేశాను. ఇప్పుడు బచేలీలో రైల్వే క్వార్టర్లో ఉంటున్నాం. వెనక బైలడిల్లా కొండ, ముందు ఇనపరాయి మోసే గూడ్సు బళ్ళు. ఆరేసిన చీర మడతపెట్టే లోపే దాని మీద ఎర్రదుమ్ము చేరిపోతుంది. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయిని కొత్తవలస ఇచ్చాం. కొడుకు సునీల్‌కుమార్ ఇక్కడే గూడ్సు బండి నడిపేవాడు. వాడి భార్య స్వర్ణ జగదల్‌పూర్‌లో పుట్టి పెరిగిన రైల్వే పిల్ల. మా వైపు వాళ్ళ అమ్మాయే గానీ, కోపమొస్తే మొదట హిందీయే వస్తుంది. ఆ కోపం రావడం కూడా నేను రెండు మూడుసార్లకంటే చూడలేదు.

పోయిన వానాకాలంలో సునీల్ డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, "తల పగిలిపోతోందమ్మా" అన్నాడు. నేను అమృతాంజనం తెచ్చేలోపు గడప మీద పడిపోయాడు. జగదల్‌పూర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తలలో నరం చిట్లిందన్నారు. నోట్లో గొట్టం పెట్టి మెషిన్ తగిలించారు. సాయంత్రం డాక్టరు మా ఆయన్నీ స్వర్ణనీ లోపలికి పిలిచాడు. వాళ్ళు బయటికొచ్చాక నేను అడిగితే, "చూద్దామన్నారు" అని మా ఆయన గోడకేసి తిరిగిపోయారు.

మర్నాడంతా నన్ను వాడి పక్కనే కూర్చోనిచ్చారు. ఆ వార్డులో ఎవరినీ అంతసేపు ఉండనివ్వరు, నన్ను మాత్రం ఎవరూ లెమ్మనలేదు. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. మొహంలో కళ తగ్గలేదు. డ్యూటీ చేసి వచ్చి పడుకున్నవాడిలాగే ఉన్నాడు. నేను పొద్దున్నించి సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో అడిగితే చెప్పలేను, నోటికి ఏదొస్తే అది. స్వర్ణ మంచానికి అటువైపు కూర్చుని ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యలో ఒకసారి వాడి కంటి చివర నీటి చుక్క ఒకటి జారి చెవి పక్కకి పోయింది. "ఓలమ్మో, వింటన్నాడే!" అని నేను అరిచాను. ఆ మర్నాడు పొద్దున్న కొత్తవలస నించి పెద్దమ్మాయి వచ్చింది. అది తమ్ముణ్ణి చూసిన కాసేపటికే, పోయాడని చెప్పారు.

పరామర్శకి వచ్చిన అందరికీ నేను ఒకటే చెప్పాను. నా బిడ్డ నా మాటలన్నీ విని వెళ్ళాడని. రోడ్డు మీద పోయినవాళ్ళ తల్లులకీ, పట్టాల మీద పోయినవాళ్ళ తల్లులకీ ఆ మాత్రం దక్కలేదు, నాకు దక్కింది. ఒక రోజంతా దక్కింది. నేను అన్నం తింటున్నానంటే, జుట్టు దువ్వుకుంటున్నానంటే, ఆ ఒక్క రోజుని పట్టుకునే. అది అబద్ధమని ఎవరైనా అంటే వాళ్ళని బతకనిచ్చేదాన్ని కాదు.

వాడు వదిలి వెళ్ళినవాటిలో ఒక చెట్టుంది.

సునీల్‌కి చెట్ల పిచ్చి. ఒకసారి అరకులో బండి ఆగినప్పుడు నర్సరీలో కొని, ఇంజిన్లో తన పెట్టె పక్కన పెట్టుకుని తెచ్చాడు. జానెడు చెట్టు. దాన్ని లోతులేని మట్టి పళ్ళెంలో నాటి, కొమ్మలకి రాగితీగ చుట్టి వంపులు తిప్పాడు. ఆకంటే ఆకు కాదు, పొలుసు పొలుసుగా పచ్చటి పోగులు. మొదట్లో నేను వేళాకోళం చేసేదాన్ని.

"తాటిచెట్టంత ఎదగాల్సినదాన్ని పళ్ళెంలో కూకోబెట్టీసేవు. దానికి నోరుంటే నిన్ను కడిగీసును గదరా!"

"దీని పేరు జునిపర్ అమ్మా. దేవదారు లాంటిదే, మంచుకొండల్లో పెరిగీది. ఎంత వంచినా వంగుతాది. నీలాగ కోపం లేదు దీనికి" అని నవ్వేవాడు.

పాత షేవింగు బ్రష్షుతో దాని మీద దుమ్ము దులిపేవాడు. సాయంత్రం డ్యూటీ లేకపోతే వాడూ స్వర్ణా వెనక వరండాలో దాని పక్కనే కూర్చుని టీ తాగేవాళ్ళు. పెళ్ళయిన మరుసటేడు మట్టి మార్చాడు. ఇటుక ముక్కలు దంచి, జల్లెడపట్టి, ఏటి ఇసకా, అడవిలో ఇక్కడివాళ్ళు సర్గి అనే గుగ్గిలం చెట్ల కింద కుళ్ళిన ఆకూ కలిపి, దోసిళ్ళతో పోశాడు. వంటింటి కిటికీలోంచి చూసి, నా జల్లెడ పాడుచేశావని కేకలేశాను. పది వేళ్ళకీ మట్టితో వచ్చి నా బుగ్గ మీద రాసి పోయాడు వెధవ.

వాడు పోయాక, వాడి బదులు స్వర్ణకి స్టేషన్ ఆఫీసులో ఉద్యోగమిచ్చారు. అందుకే ఈ క్వార్టరు మాకు ఉంది. రోజూ పొద్దున్న ఆఫీసుకి వెళ్ళేముందు చెట్టు మట్టిలో వేలు పెట్టి తడి చూసి, అవసరమైతేనే నీళ్ళు పోసేది. ఒకరోజు పోస్తూ పోస్తూ ఆగిపోయింది.

"అత్తయ్యా, చూడండి. నీళ్ళు లోపలికి దిగడం లేదు. వేళ్ళు పళ్ళెమంతా నిండిపోయాయి. ఎండలు ముదరకముందే మట్టి మార్చాలి" అంది.

నాకు చర్రుమంది. "ఏ మట్టి? నా కొడుకు చేత్తో పోసిన మట్టా? తీసీసి ఎక్కడ పారబోస్తావు, కాలవలోనా?"

"అదికాదు అత్తయ్యా, మొత్తం కాదు..."

"నోరుముయ్! ఆడి బట్టలు పంచీసేరు, ఆడి మోటారుసైకిలు అమ్మీసేరు. ఇప్పుడు మట్టి కూడా తీసీమంటన్నావా? నా పేణం పోయేక తియ్యి."

తర్వాత ఇంకోసారి ఎత్తింది. నేను మళ్ళీ లేచాను. మూడోసారి మా ఆయన, ఎన్నడూ లేంది, కంచం ముందు కూర్చుని నోరు విప్పారు.

"మట్టి మార్చకపోతే చెట్టు చచ్చిపోద్ది వరాలూ. అదీ ఆడిదే కదా."

ఆ మాట నన్ను పట్టుకుంది. మట్టీ వాడిదే, చెట్టూ వాడిదే. మట్టిని ఉంచితే చెట్టు పోతుంది. చెట్టు కావాలంటే మట్టి తీయాలి. రెండు రోజులు ఆ చెట్టు చుట్టూనే తిరిగాను. చివరికి ఒక నిశ్చయానికొచ్చాను. తీయక తప్పకపోతే నేనే తీస్తాను. వాడు పోసినదాన్ని ఇంకో చెయ్యి తాకకూడదు. అందులో ఒక్క రేణువు కూడా కిందపడకూడదు.

స్వర్ణ ఆఫీసుకెళ్ళింది. మా ఆయన బజారుకెళ్ళారు. నేను వెనక వరండాలో ప్లాస్టిక్ టబ్బు పెట్టుకుని, నీళ్ళు నింపి, చెట్టుని పళ్ళెంలోంచి పైకి తీశాను. వేళ్ళు పళ్ళెం ఆకారంలోనే గట్టిగా అల్లుకుపోయి ఉన్నాయి, పిడక లాగా.

ఈ పని నాకెవరూ నేర్పనక్కర్లేదు అనుకున్నాను. చిన్నప్పుడు మా ఊళ్ళో ఉభాలు, అంటే వరినాట్లప్పుడు మోకాలి లోతు బురదలో నిలబడి ఎన్ని ఎకరాలకి ఆకు తీశానో. ఆకుమడిలోంచి నారు గుప్పెడు గుప్పెడు పీకి, వేళ్ళని పాదానికేసి కొట్టి, బురదంతా పోయేదాకా నీళ్ళలో జాడించి కట్ట కట్టేవాళ్ళం. వేళ్ళు దారప్పోగుల్లాగా తెల్లగా మెరవాలి. బురద ఉంటే మా అమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది, "కట్ట బరువు నువ్వు మోస్తావేటే?" అని. అలా జాడించిన నారుని నాటిన రెండు రోజులు వాలిపోయి, తర్వాత నిటారుగా లేచి నిలబడేది. వేరు శుభ్రంగా ఉంటే మొక్క కొత్త మట్టిని తొందరగా పట్టుకుంటుందని నాకు తెలిసిన వ్యవసాయం.

అలాగే జాడించాను. నెమ్మదిగా, పసిపిల్లకి తలంటినట్టు, ఒక్కొక్క పాయా విడదీసి కడిగాను. లోపల తెల్లగా బూజు లాంటిది వేళ్ళని పట్టుకుని ఉంది, పుట్టగొడుగుల వాసన వేసింది. అయ్యో, కుళ్ళు పట్టేసింది, చూసేవాళ్ళు లేక బిడ్డకి ఎంత బాధ అనుకుని, ఆ బూజు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి కడిగాను. చివరికి వేళ్ళు బంగారు తీగల్లాగా వచ్చాయి. చూస్తే నాకే ముచ్చటేసింది.

స్వర్ణ ముందే దంచి, జల్లించి పెట్టుకున్న ఇటుక పొడీ ఇసకా సంచిలో ఉన్నాయి. వాటితో నాటేసి నీళ్ళు పోశాను. టబ్బు అడుక్కి దిగిన మట్టిని గుడ్డలో వడగట్టి, చేటలో ఎండబెట్టి, కొత్త ఊరగాయ జాడీలో పోసి దేవుడి గూట్లో పెట్టాను. ఒక్క రేణువు పోలేదు. ఆ మధ్యాహ్నం, వాడు పోయాక మొదటిసారి, నాకు కడుపు నిండినట్టయింది.

సాయంత్రం స్వర్ణ వచ్చి వరండాలో అడుగుపెట్టింది. చెట్టుని చూసింది. పక్కన ఖాళీ టబ్బుని చూసింది. చేతిలో సంచి కింద పెట్టడం కూడా మర్చిపోయింది.

"మొత్తం కడిగేశారా అత్తయ్యా?"

"మరేటి, మురికి వేళ్ళతో పెడతారేటి? లోపల బూజు పట్టీసింది. అదంతా పోగొట్టేను. నువ్వు రోజూ చూస్తన్నావు గానీ ఏటి చూస్తన్నావో!"

ఆ పిల్ల లోపలికి వెళ్ళింది. చాలాసేపు స్నానాలగదిలో పంపు కారుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత మొహం తుడుచుకుంటూ వచ్చి, చెట్టుని నీడలోకి జరిపి, మీద పల్చటి ప్లాస్టిక్ సంచి గుడారంలా కట్టి, లోపల నీళ్ళు చిలకరించింది.

"ఇదంతా ఎందుకు?"

"కొత్త మట్టి కదా అత్తయ్యా. కొన్నాళ్ళు ఇలా ఉండాలి."

రోజుకి మూడు నాలుగుసార్లు, ఆఫీసు నించి మధ్యలో పరిగెత్తుకొచ్చి మరీ చిలకరించేది. నాకు లోపల్లోపల ముచ్చటేసింది. తనకి చెప్పకుండా చేసినందుకు ఒక్క మాట పడాల్సొస్తుందేమో అనుకున్నాను, అనలేదు. మంచి పిల్ల అనుకున్నాను.

చెట్టు వాలనైనా వాలలేదు. వరినారైతే రెండు రోజులు తల వేలాడేస్తుంది, ఇది అదీ లేదు. పచ్చగా, ఎలా ఉన్నది అలాగే ఉంది. నేను పొద్దున్న లేస్తూనే వరండాలోకి వెళ్ళి చూసేదాన్ని. "చూసేరా? నా చెయ్యి తగిలితే మోడైనా బతుకుతాది" అని మా ఆయనతో గొప్పలు పోయేదాన్ని. ఆయన మీసం గోక్కుంటూ, "ఊరికే దాన్ని చూసుకోని కూకోకే" అనేవారు. స్వర్ణ రెండు వారాల తర్వాత ప్లాస్టిక్ సంచి తీసేసింది. బాగుపడింది కాబట్టి తీసేసింది అనుకున్నాను.

పక్క క్వార్టరు హెప్సిబా రోజూ సాయంత్రం వచ్చేది. వాళ్ళాయన జాన్‌బాబు సునీల్‌తో కలిసి బండి నడిపినవాడే. వాళ్ళకి ఈస్టరు ముందు శ్రమదినాల ఉపవాసాలు నడుస్తున్నాయి. ఒంట్లో ఓపిక లేకపోయినా వచ్చి నా దగ్గర కూర్చునేది.

"ఎంత పచ్చగా ఉంది వదినా! ప్రభువు కృప!" అంది ఒకరోజు చెట్టుని చూసి.

అని, స్వర్ణ వైపు చూసింది. స్వర్ణ తల తిప్పుకుంది. ఆ చూపు నాకు కనబడింది. కనబడినా పట్టించుకోలేదు. ఆ రోజుల్లో నేను అన్నం రెండోసారి పెట్టించుకుంటున్నాను. కొత్తవలసకి ఫోన్ చేసి, "తమ్ముడి చెట్టు నేను బతికించేనే" అని పెద్దమ్మాయికి చెప్పాను. అదీ ఒక్క క్షణం ఊరుకుని, "మంచిదమ్మా" అంది.

ఎండలు వచ్చాయి. కొండ మీద సర్గి చెట్లు ఆకు రాల్చి మళ్ళీ లేతగా చిగిర్చాయి. మా పెరట్లో కరివేపాకు కూడా ఎర్ర చిగుళ్ళు వేసింది. సునీల్ ఉన్నప్పుడు ఈ రోజుల్లో నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళి, ఆ చెట్టు పోగుల చివర్న లేతాకుపచ్చ చుక్కలు చూపించేవాడు. ఈసారి ఎంత వెతికినా ఒక్క చుక్క లేదు. రంగు కూడా పచ్చే గానీ, ఏదో మాసినట్టుంది. దుమ్మేమో అని షేవింగు బ్రష్షుతో దులిపాను. అలాగే ఉంది.

ఇంకొకటి కూడా గమనించాను. స్వర్ణ ఇప్పుడు వేలు పెట్టి తడి చూడటం లేదు. రోజూ ఒక చెంబుడు నీళ్ళు పోసేసి, చెట్టు వైపు చూడకుండానే చెప్పులేసుకుని వెళ్ళిపోతోంది. వాకిట్లో కళ్ళాపి చల్లినట్టు పోస్తోంది. అంత ప్రేమగా చూసుకున్న పిల్ల ఎందుకలా చేస్తోందని నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు.

ఆదివారం. స్వర్ణకి సెలవు. వెనక తీగల మీద బట్టలారేస్తోంది. మా ఆయన వరండాలో నులకమంచం మీద పడుకుని ఉన్నారు. నేను చెట్టు దగ్గర కూర్చుని, మొదలు దగ్గర బెరడు మీద గోటితో గీరాను. కరివేపాకు మొక్కయినా, మునగ కొమ్మయినా, పల్లెటూరి దానికి ఇదొక్కటే పరీక్ష. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు.

లోపల గోధుమరంగు. ఎండిన పుల్ల.

ఇంకో కొమ్మ గీరాను. అదీ అంతే. పోగుని వేళ్ళతో నలిపితే పొడి పొడిగా రాలింది. పైకి మాత్రం పచ్చగానే ఉంది.

"స్వర్ణా!"

నా గొంతు విని ఆ పిల్ల చేతిలో బట్ట బకెట్లోనే వదిలేసి వచ్చింది. నా గోళ్ళు చూసింది, చెట్టు మీద గీతలు చూసింది.

"ఎప్పుడు పోయిందిది?"

మా ఆయన మంచం మీద లేచి కూర్చుని, "ఇప్పుడెందుకే అయ్యన్నీ..." అన్నారు. "మీరు మాటాడకండి!" అని కసిరాను.

"మీరు కడిగిన రోజే అనుకోండి అత్తయ్యా" అంది స్వర్ణ. "ఈ జాతి చెట్టుకి పాత మట్టి సగం వేళ్ళకే ఉంచేయాలి. ఆ తెల్లబూజు దానికి జబ్బు కాదు, దాని బలం. దాంతోనే నీళ్ళు తాగుతుంది. ఆయన మట్టి మార్చినప్పుడు వెదురుపుల్లతో చుట్టూ కొంచెమే తీశారు. చెట్టు పోయినా రెండు మూడు నెలలు ఆకు ఇలాగే పచ్చగా ఉంటుంది. లోపల దాచుకున్న నీళ్ళతో. చూసేవాళ్ళకి తెలీదు."

"మరి నాతో ఎందుకు సెప్పలేదు?"

"మొదట బతికిద్దామని చూశాను. కుదర్లేదు."

"కుదరకపోతే సెప్పాలి కదా! చచ్చిన చెట్టుకి రోజూ నీళ్ళెందుకు పోస్తన్నావు?"

"మీరు పొద్దున్నే లేచి దాన్ని చూసి, టీ తాగుతున్నారు అత్తయ్యా" అంది. "అందుకని."

నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. "అంటే మీ మావయ్యకి తెలుసు. ఆ హెప్సిబాకి తెలుసు. కొత్తవలసలో ఉన్న నా కూతురికీ తెలుసు. నానొక్కర్తినీ ఎర్రిదాన్ని! చచ్చిపోనాదాన్ని పట్టుకోని బతికుందని ఊరంతా సెప్పుకోని తిరుగుతుంటే, ఎనకాల నిలబడి చూసేరు మీరంతా! పైకి పచ్చగా ఉంది, రంగు తగ్గలేదని నేను మురిసిపోతంటే..."

అక్కడ నా నోరు ఆగిపోయింది. ఆ మాటలు నాకే వినబడ్డాయి. ఎవరూ నన్ను లెమ్మనని ఆ వార్డు, మొహంలో తగ్గని కళ, వెచ్చటి చెయ్యి, గోడకేసి తిరిగిన మా ఆయన. అన్నీ ఒక్కసారి వచ్చి మీదపడ్డాయి. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే గోడకి జారగిలబడ్డాను.

అడగకుండా ఉండొచ్చు. అడక్కపోతే ఆ రోజు నాకు ఉండిపోయేది. కానీ దాపరికం పడదని ఇంతసేపు అరిచినదాన్ని, నేనెలా ఊరుకోను?

"స్వర్ణా" అన్నాను. "ఆసుపత్రిలో కూడా ఇంతేనా?"

మా ఆయన లేచి నిలబడి, "వరాలూ, ఒద్దే" అన్నారు. ఆ మాటతోనే నాకు సగం తెలిసిపోయింది. అయినా స్వర్ణ వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల తడి చేతులు చీరకి తుడుచుకుని, నాకెదురుగా నేల మీద కూర్చుంది.

"మొదటి రోజు సాయంత్రమే అత్తయ్యా. మెదడు పోయిందని డాక్టరు మామయ్యకీ నాకూ చెప్పాడు. ఊపిరి మెషినుదే అన్నాడు. కొత్తవలస నించి వదిన వచ్చి చూసేదాకా ఉంచమని మామయ్య అడిగారు."

"నేను చెయ్యి పట్టుకున్నప్పుడు?"

"అప్పటికే లేరు."

"కంట్లో నీళ్ళొచ్చేయి కదే. నా కళ్ళతో నేను చూసేను."

"కళ్ళు ఎండిపోకుండా నర్సు చుక్కలమందు వేసింది అత్తయ్యా. మీరు అటు తిరిగినప్పుడు."

పట్టాల మీద గూడ్సు బండి ఒకటి నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీ వైపు పోతోంది. మా ఆయన వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డారు. ఆయన్ని తిట్టాలనిపించలేదు. నా కొడుకు పోయిన రోజు కంటే ఆ క్షణం ఎక్కువ కష్టంగా ఉంది. ఆ రోజు వాడొక్కడే పోయాడు. ఇప్పుడు నేను వాడితో మాట్లాడిన ఆఖరి మాటలు కూడా పోయాయి. పొద్దున్నించి సాయంత్రం దాకా గొంతు ఎండిపోయేలా చెప్పిందంతా గోడకి చెప్పినట్టే అయింది.

"అయితే ఆడేటీ వినలేదు" అన్నాను. "ఆ మాటలన్నీ ఎవరికీ కాకుండా పోనాయి."

"ఆయన వినలేదు అత్తయ్యా" అంది స్వర్ణ. అబద్ధం చెప్పలేదు. "నేను విన్నాను" అంది.

నేను తలెత్తి చూశాను.

"ఆయనతో నేను కూడా చాలా చెప్పుకోవాలనుకున్నాను. లేరని తెలిశాక నాకు నోరు పెగల్లేదు. మీకు తెలీదు కాబట్టి మీరు మాట్లాడారు. మీరు మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నాను. బొడ్డవర స్టేషన్లో ఆయన నాలుగేళ్ళప్పుడు తప్పిపోయి, గార్డు బోగీలో జెండా కప్పుకుని నిద్రపోతుంటే దొరికారట కదా. కొడదామని చెయ్యెత్తి, ఎత్తుకుని మీరే ఏడ్చేశారట. మూడో తరగతిలో గోర్మిటీలు, ఆ బెల్లం గవ్వలు, జేబు నిండా పోసుకొచ్చి చొక్కాకి బెల్లం మరకలు చేసుకున్నారట. నాకు ఆయన ఎప్పుడూ చెప్పలేదివి."

నాకు ఒక్కటీ గుర్తులేదు. ఆ రోజు ఇవన్నీ నా నోట వచ్చాయని నాకే తెలీదు. బొడ్డవర సంగతి నేను మర్చిపోయి ఎన్నేళ్ళయిందో.

"మాటిమాటికీ మీరు ఆయన్ని అడిగారు" అంది స్వర్ణ. "నాయినా, నీకు వినబడతన్నాదో లేదో నాకు తెలీడం లేదు, ఒక్కసారి ఊఁ అనరా అని."

"అడిగేను. అది గుర్తుంది."

"మీరు అడిగినప్పుడల్లా నేను అన్నాను అత్తయ్యా. మంచానికి అటువైపు నించి. మెషిన్ చప్పుడులో మీకు వినబడలేదు."

అది చెప్పి ఆ పిల్ల మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. నేను జరిగి వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. మా ఆయన వచ్చి గడప మీద కూర్చున్నారు. వంటింట్లో పాలు పొంగి మాడిపోయిన వాసన వస్తున్నా ఎవరం లేవలేదు.

"మొదట్నించీ సెప్పు" అన్నాను. "ఆడికి నేనేటేటి సెప్పేనో, ఒక్కటీ వదలకుండా సెప్పు."

స్వర్ణ కళ్ళు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. బొడ్డవర దాకా వచ్చి, ఆపైన చెప్పలేక ఆగిపోయింది. నేను దాని వీపు మీద చెయ్యి వేసి, ఊఁ అన్నాను.